కింద మరక, పైన కారణం

కొడంగల్ నుంచి తాండూరు పోయే రోడ్డు మీద, నాపరాళ్ల లారీల మధ్య, ఇప్పటికీ ఒక పాత మారుతి 800 అప్పుడప్పుడూ ఎదురవుతుంది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి కారు తాళంచెవులు హర్‌పాల్ సింగ్ చేతికిచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆగింది. హైదరాబాదులోనైతే కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో 2010 ఏప్రిల్‌లోనే దాని అమ్మకం నిలిచిపోయింది. సొంత కారుకు పదిహేనేళ్లు నిండినా ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు కనుక, చేతులు మారుతూ చిన్న ఊళ్లకు చేరిన బండ్లు బాగా చూసుకునేవాళ్ల దగ్గర ఇంకా నడుస్తున్నాయి.

అలాంటి బండి కొడంగల్‌లో ఒకరి ఇంటిముందు ఉందనుకుందాం. పొద్దున బండి తీశాక నేల మీద రూపాయి బిళ్లంత నల్లటి మరక కనిపించింది. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ కిందికి దూరి చూసి, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర చుక్క వేలాడుతుందని చెప్తాడు. "క్రాంక్ వెనక సీలు పోయింది సార్, గేర్‌బాక్సు దించాలె." ఆ మాటలో అబద్ధం లేదు, చుక్క వేలాడుతున్నది నిజంగా అక్కడే. కానీ గేర్‌బాక్సు దించి, క్లచ్ విప్పి, సీలు మార్చి, అన్నీ బిగించి నాలుగు రోజులు తిరిగాక మళ్లీ అదే చోట అదే మరక పడుతుంది. ఎందుకంటే ఆయిల్ బయటపడుతున్నది జానెడు పైన, డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర. అది గేర్‌బాక్సు గూడు మీదికి జారి, అతుకు వెంట పాకి, అన్నిటికన్నా కిందున్న అంచు దగ్గర చుక్క కట్టింది.

ఆ చోట డిస్ట్రిబ్యూటర్ ఎందుకుందో తెలిస్తే ఈ చిక్కంతా విడిపోతుంది. మారుతి 800లో, ఓమ్నీలో ఉన్నది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్. క్యామ్‌షాఫ్టు తల మీదే ఉంటుంది. దాని ఒక కొసన టైమింగ్ బెల్టు తిప్పే చక్రం ఉంటే, రెండో కొసన చిన్న గేరు ఉంటుంది. ఆ గేరు పళ్లలోనే డిస్ట్రిబ్యూటర్ గేరు పళ్లు ఇరుక్కుని తిరుగుతాయి. రెండో కొస అంటే గేర్‌బాక్సు వైపు. పైన డిస్ట్రిబ్యూటర్, సరిగ్గా దాని కింద ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కింద దాక్కుని ఉంటుంది కాబట్టి సీటు ఎత్తి టార్చి వేసి వెతికితే తప్ప డిస్ట్రిబ్యూటర్ మెడ కంటికి ఆనదు. నేరం కింది సీలు మీద పడటానికి అదీ ఒక కారణం.

నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ప్రతి సిలిండరుకూ క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కసారే నిప్పురవ్వ కావాలి. క్యామ్‌షాఫ్టు తిరిగేదీ క్రాంకులో సగం వేగంతోనే. అందుకే రవ్వలు పంచే డిస్ట్రిబ్యూటరును క్యామ్‌తో ముడిపెట్టారు. క్రాంకు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ 1,500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు మూడు రవ్వల చొప్పున నిమిషానికి 4,500, అంటే సెకనుకు 75. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 నాటి కాడిలాక్ కార్లలో వాడారు. పన్నెండు వోల్టులు కాయిల్లో పది, ఇరవై వేల వోల్టులై రోటరు మీదికి వచ్చి, క్యాప్ లోపలి కాళ్ల మీదుగా 1-3-2 వరుసలో ప్లగ్గులకు చేరతాయి.

ఇంజన్ తయారుచేసినవాళ్లకు ఇక్కడే ఒక ఇరకాటం ఉంది. డిస్ట్రిబ్యూటర్ పై సగానికి ఆయిల్ చుక్క కూడా తగలకూడదు. కింది సగానికి ఆయిల్ లేకపోతే గేరు పళ్లు, బుష్షు అరిగిపోతాయి. షాఫ్టు ఒకటే, పైనుంచి కిందిదాకా ఆగకుండా తిరుగుతుంటుంది. తడినీ పొడినీ విడదీసే బాధ్యత రెండు రబ్బరు ముక్కల మీద పడుతుంది. ఒకటి మెడ చుట్టూ గాడిలో కూర్చునే ఓ-రింగ్. డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ ఇంజనుకూ మధ్య సందును అది మూస్తుంది. రెండోది లోపల, తిరిగే షాఫ్టును పెదవితో పట్టుకుని ఉండే ఆయిల్ సీలు. మొదటిది ఓడితే ఆయిల్ బయటికి కారుతుంది. రెండోది ఓడితే షాఫ్టు వెంట పైకెక్కి క్యాప్ లోపలికి చేరుతుంది. కారడం ఒక్కలాగే అనిపించినా ఇవి వేర్వేరు జబ్బులు, మందులూ వేర్వేరు.

క్యాప్‌లోకి చేరిన ఆయిల్ చేసే చెరుపు ఎక్కువ. శుభ్రమైన ఆయిల్ కరెంటును పోనివ్వదు. కానీ లోపల రవ్వల వల్ల పుట్టే మసి, ఇత్తడి పొడి, దుమ్ము దానిలో కలిశాక ఆ జిడ్డు మీదుగా వేల వోల్టులు దారి చూసుకుంటాయి. క్యాప్ లోపల పెన్సిలు గీతల్లాంటి నల్లటి చారలు పడతాయి. పాయింట్ల మోడల్ అయితే వాటి మధ్య ఆయిల్ మాడి పొరకడుతుంది. బండి మిస్సింగ్ కొడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పోతుంది. అప్పుడు కార్బ్యురేటర్ విప్పేవాళ్లూ, పెట్రోలులో కల్తీ ఉందనేవాళ్లూ ఉంటారు. క్యాప్ పట్టీలు రెండూ ఊడదీసి లోపల వేలు పెట్టి చూడటానికి అర నిమిషం పట్టదు.

అసలు ఎంత ఆయిల్ పోతోంది? మరక చూసి భయపడటం కన్నా లెక్క వేసుకోవడం మేలు. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ నిమిషానికి ఒక చుక్క చొప్పున కారినా గంటకు మూడు మిల్లీలీటర్లు. హైదరాబాదు పోయి రావడానికి ఆరు గంటలు బండి నడిస్తే పద్దెనిమిది, అంటే నాలుగు టీస్పూన్లకు కొంచెం తక్కువ. కానీ ఒక్క మిల్లీలీటరు ఆయిల్ ఒక మైక్రాన్ మందంతో పరుచుకుంటే చదరపు మీటరు జాగాను తడిపేస్తుంది. ఇంజనంతా ఆయిలుమయంగా కనిపించడానికి అదే కారణం. ఎంత పోయిందో డిప్‌స్టిక్ చెప్పాలి, నేల మీది మరక చెప్పలేదు. అలాగని ఊరుకోమనడం లేదు. సన్నటి కారుడుకు కూడా రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, వేడి సైలెన్సరు గొట్టం మీద పడితే పొగ వస్తుంది. తొందరపడి గేర్‌బాక్సు దించనక్కర్లేదని మాత్రమే ఈ లెక్క చెబుతుంది.

ఇక మార్కెట్ మాలు సంగతి. కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దొరకనప్పుడు, లేదా ధర ఎక్కువైనప్పుడు వేరేవాళ్లు చేసిన డిస్ట్రిబ్యూటర్ వేస్తారు. రవ్వ బాగానే వస్తుంది, బండి మొదటి కొట్టుకే లేస్తుంది. నెల తిరిగేసరికి మెడ తడుస్తుంది. "లోకల్ మాలు అంతే" అని వదిలేయడం నాకు నచ్చదు. ఎందుకు కారిందో కొలిచి చెప్పవచ్చు. కొలిస్తే చాలాసార్లు కొత్త డిస్ట్రిబ్యూటర్ కొనాల్సిన పనే ఉండదు.

ఓ-రింగ్ పనిచేసేది నలగడం వల్ల. గాడిలో పడుకున్నప్పుడు దాన్ని కొంత నొక్కి ఉంచాలి. రబ్బరు తిరిగి లేవాలని చూస్తుంది, ఆ తోపుడే సందును మూస్తుంది. డెన్మార్కులో పుట్టి అమెరికా వెళ్లిన నీల్స్ క్రిస్టెన్సెన్‌కు దీని పేటెంటు 1939లో దక్కింది. గుండ్రటి రబ్బరు ఎవరైనా చేయగలరు. ఆ రబ్బరుకు సరిపోయే గాడి కొలతను పట్టుకోవడంలో అతని గొప్పతనం ఉంది. మన కథలోనూ తేడా తరచు గాడిలోనే వస్తుంది. ఉదాహరణకు రింగు మందం 2.4 మిల్లీమీటర్లు, గాడి అడుగు నుంచి ఎదుటి గోడదాకా ఉన్న జాగా 1.9 అనుకోండి. రింగు అర మిల్లీమీటరు నలుగుతుంది, అంటే దాదాపు 21 శాతం. కదలని చోట ఇది చక్కగా సరిపోతుంది. ఇప్పుడు మార్కెట్ డిస్ట్రిబ్యూటర్ గాడి 0.15 మిల్లీమీటరు లోతెక్కువైందనుకుందాం. అది ఒకటిన్నర కాగితం మందం. దానితో వచ్చిన రింగు 2.4కు బదులు 2.2 ఉంది. జాగా 2.05, రింగు 2.2, నలుగుడు 0.15. అంటే ఏడు శాతం. కొత్తలో అదీ ఆపుతుంది, ఎందుకంటే రబ్బరు ఇంకా మెత్తగా ఉంటుంది.

తర్వాత వేడి తన పని తాను చేస్తుంది. ఇంజన్ తల దగ్గర వంద డిగ్రీల చుట్టుపక్కల గంటల తరబడి ఉడికిన రబ్బరు, నలిగిన రూపంలోనే గట్టిపడిపోతుంది. మామూలు నైట్రైల్ రబ్బరుకు నూరు, నూట ఇరవై డిగ్రీల దాకా ఓపిక ఉంటుంది. వైటాన్ అనే ఫ్లోరిన్ రబ్బరు రెండు వందల దగ్గర కూడా నిలుస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలితనం సుమారు రెండింతల వేగంతో వస్తుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. మే నెల ఎండలో తాండూరు క్వారీల మధ్య లారీ వెనక నెమ్మదిగా పాకే బండి బానెట్ కింద ఎంత ఉడుకుతుందో ఊహించుకోవచ్చు. నలుగుడులో సగం శాశ్వతంగా అణిగిపోయిందంటే 21 శాతం ఉన్నచోట ఇంకా పది మిగులుతుంది. ఏడు ఉన్నచోట మూడున్నర మిగులుతుంది. ఇంజన్ అదురుకు ఆ మూడున్నర చాలదు.

పాత రింగును గాడిలోంచి తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. మంచి రింగును అడ్డంగా కోస్తే కోత గుండ్రంగా ఉంటుంది. అణిగిపోయిన రింగు కోత చదరంగా, బయటివైపు బల్లపరుపుగా ఉంటుంది. గోటితో నొక్కితే గంటు పడదు. రెండు వేళ్ల మధ్య మడిస్తే బయటి వంపు మీద సన్నటి పగుళ్లు తేలతాయి. అలా ఉంటే వేడికి పోయింది. మెత్తగానే ఉండి ఒక్కచోట చెక్క లేచి ఉంటే, బిగించేటప్పుడు ఆయిల్ రాయకుండా పొడిగా తోసినందువల్ల రంధ్రం అంచు కోసేసింది. మెత్తగా, గుండ్రంగా, ఏ గాయమూ లేకుండా ఉండి కూడా కారుతోందంటే కొలత తప్పింది. వెర్నియర్ తీసుకోవాల్సింది అప్పుడే.

షాఫ్టు సీలు విషయంలో ముందు బుష్షునే అనుమానించాలి. రోటరు తీసేసి షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే కటకటలాడిందంటే సీలు మార్చి లాభం లేదు. నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఊగే షాఫ్టు వెంట రబ్బరు పెదవి పరుగెత్తలేదు. ఊగిన ప్రతిసారీ సందు తెరుచుకుంటుంది, ఆయిల్ ఎక్కుతుంది. కొన్ని రకాల డిస్ట్రిబ్యూటర్లలో షాఫ్టు మీద మరచుట్టులాంటి గాడి ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంటే ఆ గాడి ఆయిలును కిందికి తోస్తుంది. వేరే ఇంజను కోసం, ఎదురు దిశలో తిరిగేలా చేసిన షాఫ్టును తెచ్చి ఇక్కడ వేస్తే అదే గాడి ఆయిలును పైకి తోడుతుంది. ఆయిల్ తిరిగి దిగిపోవడానికి ఒంట్లో ఉండాల్సిన చిన్న బెజ్జం తొలవడం మరిచిన మాలు కూడా వస్తుంది. ఇవి దుకాణంలో నిలబడి పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేవే. పాతది ఇంట్లో వదిలి కొత్తది కొనడానికి పోవద్దనేది అందుకే.

ఇప్పుడు వెతుకులాట. మన దగ్గర దుమ్ము తక్కువ కాదు. తాండూరు నీలం రాయి, పసుపు రాయి కోసే చోట్ల నుంచి లేచే సున్నపురాతి పొడి ఇంజను మీద పడి, ఆయిల్ ఉన్నచోట అంటుకుని, పేస్టులా గడ్డకడుతుంది. దీన్ని చీదరించుకుని వెంటనే ప్రెషర్ వాటర్ కొట్టించడం సాక్ష్యాన్ని కడిగేయడమే. ముందు టార్చి వేసి చదవాలి. మందంగా, ఎండి, గీకితే పెచ్చులూడే పొర పాత కారుడుది. దాని మధ్యలో నల్లగా, తడిగా, సన్నగా దిగిన చార ఈ మధ్యది. ఆ చార వెంట కన్ను పైకి పోవాలి. తడి ఎక్కడ ఆగి, దాని పైన పొడి దుమ్ము మొదలవుతుందో ఆ గీత దగ్గరే ఆయిల్ పుట్టింది. గేర్‌బాక్సు అతుకు పైనంతా పొడిగా ఉంటే క్రాంకు సీలునే పట్టుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ మెడదాకా తడి ఉంటే ఇంకా పైకి చూడాలి, టాపెట్ కవర్ ప్యాకింగ్ దాకా. ఆ ప్యాకింగ్ మూల దగ్గర కారిన ఆయిల్ నేరుగా డిస్ట్రిబ్యూటర్ మీదికే దిగుతుంది. కొత్త డిస్ట్రిబ్యూటర్ వేసినా మెడ తడవడం ఆగని బండ్లలో చాలావాటి గుట్టు అదే. క్యామ్‌తో నడిచే మెకానికల్ పెట్రోల్ పంపు ప్యాకింగ్ కూడా ఇదే గుంపులోది. అక్కడ కారితే ఆయిలుకు పెట్రోలు వాసన కలవవచ్చు.

చదవడం అయ్యాక కడగాలి. డిస్ట్రిబ్యూటరుకు పాలిథిన్ కట్టి, కిరోసినో డీజిలో బ్రష్షుతో పూసి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. వేడి ఇంజను మీద ఈ పని వద్దు. ఆరాక టాపెట్ కవర్ అంచు, డిస్ట్రిబ్యూటర్ మెడ, అతుకు పైభాగం మీద ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లాలి. బండిని పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి చూడాలి, తర్వాత కాస్త రేస్ ఇచ్చి చూడాలి. అప్పటికీ తేలకపోతే తాండూరుదాకా నడిపి రావాలి. తెల్లటి పౌడర్లో మొదట ముదురు చుక్క ఎక్కడ పొడుస్తుందో అదే మూలం. ఇంకా ఆలస్యమైతే గాలికీ వాలుకూ ఆయిల్ పరుచుకుని మళ్లీ అంతా ఒకటైపోతుంది. పెద్ద గ్యారేజీల్లో ఆయిల్లో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత టార్చితో చూస్తారు. సూత్రం ఒకటే, పౌడర్ చవక.

ఇంతా చేసి రింగు మార్చాక కూడా కారే బండి ఒకటుంటుంది. కొత్త రింగు, సరైన కొలత, మంచి బుష్షు, అయినా తడి. అప్పుడు ఇంజను ఊపిరి చూడాలి. ఎంత మంచి ఇంజన్లోనైనా పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత మంట గాలి కిందికి జారుతుంది. అది పోవడానికి టాపెట్ కవరు నుంచి ఎయిర్ క్లీనరుకు ఒక పైపు ఉంటుంది. ఆ పైపు లోపల జిడ్డు గడ్డకట్టినా, వేడికి మెత్తబడి మూసుకుపోయినా లోపల ఒత్తిడి నిలుస్తుంది. ఒక బార్‌లో ఇరవయ్యో వంతు ఒత్తిడి చిన్నదిగా వినిపిస్తుంది గానీ అది అర మీటరు ఎత్తు నీళ్ల బరువుకు సమానం. ఆయిలును అంచులు దాటించడానికి అది బాగా సరిపోతుంది. అప్పుడు అన్నిటికన్నా బలహీనమైన సీలు ముందు లొంగుతుంది. దాన్ని బాగుచేస్తే ఒత్తిడి తర్వాతి బలహీనుణ్ణి వెతుక్కుంటుంది. ఈ నెల డిస్ట్రిబ్యూటర్, వచ్చే నెల టాపెట్ కవర్, ఆ పై నెల క్రాంకు సీలు. ఖర్చుకు అంతుండదు.

దీన్ని పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి పాలిథిన్ సంచి పరిచి అంచులు చేత్తో పట్టుకోవాలి. సంచి లోపలికి కొంచెం లాగినట్టుంటే ఊపిరి బాగుంది. బుడగలా ఉబ్బితే ఊపిరి పైపు ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ చూడాలి. అప్పటికీ ఉబ్బుతూ నీలిపొగ దమ్ములు దమ్ములుగా వస్తే రింగులు అరిగాయి, కంప్రెషన్ కొలిపించాలి. అరిగిన ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్ మార్చమని సలహా ఇచ్చేవాళ్లు బండివాళ్ల డబ్బు వృథా చేస్తున్నారు.

కారుడు రింగుదేనని తేలిందనుకుందాం. డిస్ట్రిబ్యూటరును లాగే ముందు క్రాంకును మొదటి సిలిండర్ గుర్తు దగ్గరికి తెచ్చి, రోటరు ఎటు చూస్తోందో ఒంటి మీద గీత గీయాలి. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పైకి లాగుతుంటే రోటరు కొంత తిరుగుతుంది. బయటికి వచ్చాక ఎక్కడ ఆగిందో అక్కడ రెండో గీత గీయాలి. తిరిగి దింపేటప్పుడు రెండో గీత దగ్గర మొదలుపెడితే మొదటి గీత దగ్గర కూర్చుంటుంది. ఈ రెండో గీత గీయకపోవడం వల్ల ఒక పన్ను అటో ఇటో కూర్చుని, బండి స్టార్ట్ కాక, మంచి కాయిలునూ కండెన్సరునూ మార్పించిన సందర్భాలకు లెక్కలేదు. రింగు వేసే ముందు గాడి అడుగున గట్టిపడిన మడ్డిని చెక్క పుల్లతో గీకాలి, స్క్రూడ్రైవరుతో కాదు. అల్యూమినియం మీద పడిన ఒక్క గీత కొత్త కారుడు దారి అవుతుంది. రింగుకు ఇంజన్ ఆయిల్ పూసి, మెలిక పడకుండా తొడిగి, అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తూ చేత్తోనే దింపాలి. సుత్తి తాకకూడదు.

రింగు మీద సిలికాన్ పేస్టు పుయ్యమని కొందరంటారు. ఓ-రింగ్ ఉన్నచోట అది వద్దు. గాడిలో పేస్టు నిండితే రబ్బరు నలగడానికి జాగా ఉండదు, లోపలికి పిండుకున్న తునక ఊడి ఆయిల్ దారిలో పడుతుంది. పైగా టైమింగ్ సరిచేయడానికి డిస్ట్రిబ్యూటరును కొద్దిగా తిప్పినప్పుడు అతుక్కున్న పేస్టు చిరిగి అక్కడి నుంచే కారుతుంది. గాడి లోతెక్కువని వెర్నియర్ చెప్పి ఉంటే పని తేలిక. ఓ-రింగులు అమ్మే దుకాణంలో లోపలి వ్యాసం అదే ఉండి మందం కాస్త ఎక్కువున్న వైటాన్ రింగు అడిగి తీసుకోవాలి. పై లెక్కలోని 2.05 జాగాకు 2.6 రింగు వేస్తే 21 శాతం నలుగుడు తిరిగి వస్తుంది.

బిగించాక టైమింగ్ లైటుతో చూసి బోల్టు బిగించాలి. గుర్తులు కలిశాక మెడ చుట్టూ ఇంకోసారి పౌడర్ చల్లి, బండిని పరిగిదాకా నడిపి, చల్లారాక చూడాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు లోహం వ్యాకోచించి మూసుకున్న సందు చల్లారాక తెరుచుకోవచ్చు. అందుకే తెల్లారి కూడా ఒకసారి చూడటం అవసరం. వారం తర్వాత క్యాప్ తీసి లోపల వేలు పెట్టినప్పుడు వేలికి జిడ్డు అంటితే బయటి రింగు గెలిచింది, లోపలి సీలు ఓడింది. అప్పుడు డిస్ట్రిబ్యూటరును బల్ల మీద పెట్టి షాఫ్టు పిన్ను కొట్టి, బుష్షు దగ్గర నుంచి పని మొదలుపెట్టాలి.